భాషా భవనంలో ఉయ్యాలలు

రాయి దొర్లుతోందని అరిచినందుకు ఒక మనిషి నోటికి టేపు వేశారు. ఇది ఎవరో చెబితే విన్నది కాదు. కంప్రెషర్ బెల్టు బిగిస్తూ, చేతిలో స్పానరుతో, నా కళ్లతో నేను చూసింది.

మా క్వారీ ఒక కొండ. కొండని మెట్లు మెట్లుగా కోసుకుంటూ వస్తారు. మిషన్ల మీద దిగువవాళ్లం, అంటే మైదానం నుంచి వచ్చిన నాలాంటివాళ్లం. రాయి మోసేది కొండవాళ్లు. తమ కొండని తామే ముక్కలుగా తట్టలకెత్తుకుని క్రషర్‌కి అప్పజెప్పేవాళ్లు. పనిచోట ఒకే భాష మాట్లాడాలని, అది కార్మికుల క్షేమం కోసమేనని గేటు దగ్గర బోర్డు ఉండేది. ఆ ఒక్క భాష దిగువవాళ్లది. కొండవాళ్లు వాళ్ల మాట ఇంటి దగ్గర వదిలి రావాలి. యజమానికి కార్మికుల క్షేమం మీద ఎంత బెంగంటే, హెల్మెట్లు మాత్రం తనిఖీ అధికారి వచ్చిన రోజునే స్టోరు నుంచి బయటికి తీసేవాడు.

ఆ రోజు కింది మెట్టు మీద ఇద్దరు ఆడవాళ్లు రాళ్లెత్తుతున్నారు. ఒకామెను అందరూ పెద్దక్క అంటారు. రెండోది ఆమె మరదలు. పై మెట్టు అంచున ఒక బండ పట్టు తప్పడం పెద్దక్క చూసింది. 'తెయ్‌లా' అని అరిచింది. కొండమాటలో అది ఒక్కటే మాట. మన భాషలో చెప్పాలంటే 'పైనుంచి రాయి వస్తోంది, తలెత్తి చూడకు, ముందు పక్కకి దూకు' అని అంత చెప్పాలి. అంతా చెప్పేసరికి మనిషి రాయి కింద ఉంటుంది. మరదలు తలెత్తలేదు, దూకింది. బండ వచ్చి ఆమె వదిలేసిన తట్ట మీద పడింది.

గొడుగు కింద కూర్చున్న సూపర్‌వైజరు పరుగున వచ్చాడు. దెబ్బ తగిలిందేమో చూడ్డానికి వస్తున్నాడనుకున్నాను. వాడు అడిగింది కొండమాటలో అరిచింది ఎవరని. డ్రిల్లు బిట్ల పెట్టెలు మూసే గోధుమరంగు టేపు తెప్పించాడు. పెద్దక్క నోటికి ఈ చెంప నుంచి ఆ చెంప దాకా అంటించి, బొటనవేలితో నొక్కి, భోజనం సైరన్ మోగేదాకా తీయొద్దన్నాడు. తర్వాత చేతులు దులుపుకున్నాడు, పార్శిలు కట్టినవాడిలా. క్వారీలో అంతమందిమి ఉన్నాం. నేను మళ్లీ బెల్టు బిగించడంలో పడ్డాను.

సైరన్ మోగింది. పెద్దక్క టేపు తీయలేదు. సూపర్‌వైజరు వచ్చి, శిక్ష అయిపోయింది, ఇక తీసి అన్నం తినమన్నాడు. ఆమె వాణ్ని చూస్తూ నిలబడింది. తనే పీకబోతే ఒక అడుగు వెనక్కి వేసింది. అన్నం తినకుండా మధ్యాహ్నమంతా రాళ్లు మోసి, ఆ టేపుతోనే ఇంటికి నడిచింది. కన్నకూతురు తల్లిని చూసి జడుసుకుని దగ్గరికి రాలేదట. అప్పుడు పీకింది, పెదవి మీది చర్మం కూడా ఊడొచ్చింది. మర్నాడు పొద్దున పనికొస్తూ, ఎవరూ వేయకుండానే, తనే తన నోటికి కొత్త టేపు వేసుకుని వచ్చింది.

ఇక యజమాని సంగతి చెప్పాలి. ఆయనకి పక్క కొండ కూడా కావాలి. కొండవాళ్లు వేరే జాతి, వాళ్లకో భాష ఉంది అంటే, వాళ్లని అడక్కుండా కొండ ముట్టుకోకూడదని చట్టం. కాబట్టి ఆ భాష చచ్చిపోతే బాగుండు. ఊరికే చస్తే చంపారంటారు. అందుకని నగరం నుంచి ఒక ప్రొఫెసర్ని పిలిపించారు. ఆయన కొన్నాళ్లు గెస్ట్‌హౌసులో ఉండి, టేపురికార్డరు పట్టుకుని నాలుగిళ్లు తిరిగి, ఈ భాష నలుగురు ముసలివాళ్ల నోళ్లలో కొన ఊపిరితో ఉంది, బతికే ఆశ లేదు, మిగిలిందాన్ని భద్రపరచడమే మన ధర్మం అని తేల్చాడు. భద్రపరచడానికి యజమాని గేటు పక్కనే అద్దాల భవనం కట్టించాడు. భాషా పరిరక్షణ భవనం అని పేరు. మనిషి చావకముందే సమాధి కట్టించి, దానికి ఏసీ పెట్టించారన్నమాట.

పెద్దక్క చెల్లెలు క్వారీలో పిల్లల షెడ్డుకి ఆయా. తల్లులు రాళ్లు మోసేటప్పుడు పసిపిల్లల్ని చూసుకోవడం ఆమె పని. ఆ షెడ్డు వెనక కుళాయి దగ్గర భోజనాల వేళ మీటింగు పెట్టింది. దిగువవాళ్లనీ పిలిచింది. కొందరం వెళ్లాం. మాలో ఒక డ్రిల్లరు లేచి, టేపు వేయడం తప్పేనన్నాడు, కానీ భాష కోసం పోట్లాడితే లాభమేంటన్నాడు. హెల్మెట్లు అడుగుదాం, దుమ్ముకి మాస్కులు అడుగుదాం, ఇవి అందరికీ కావలసినవి, మీ మాట మీ ఒక్కరిది అన్నాడు. చాలామంది తలలూపారు. నేనూ ఊపాను.

ఆయా గొంతు పెంచలేదు. ఒళ్లో పిల్లాణ్ని ఊపుతూనే అడిగింది.

"నోరు వాళ్ల చేతుల్లో పెట్టేశాక హెల్మెట్ దేంతో అడుగుతావన్నా?"

ఆమె ఇంకా చెప్పింది. ఇవాళ మా నోటికి వేశారు, ఎందుకంటే మా మాట వాళ్లకి తెలీదు కాబట్టి, తెలీనిదేదో తమ వెనక జరుగుతోందని భయం. రేపు మీరు యూనియన్ అంటారు, ఆ మాట వాళ్లకి బాగా తెలుసు, దానికి ఎంత టేపు కావాలో మీరే చూసుకోండి అంది. ఆ రోజు నిర్ణయమేమీ జరగలేదు. సైరన్ మోగింది, లేచాం. కానీ వెళ్తూ వెళ్తూ ఆ డ్రిల్లరు స్టోరు దగ్గర ఆగి, ఒక టేపు చుట్ట జేబులో వేసుకోవడం చూశాను.

భవనం ప్రారంభోత్సవానికి ఒక పెద్ద అధికారి వచ్చాడు. కొండవాళ్లని షామియానా వెనక తాడు కట్టి నిలబెట్టారు. వాళ్ల భాషకి జరిగే సన్మానం వాళ్లు దూరం నుంచి చూడాలి కదా. ఆడవాళ్లందరూ నోళ్లకి టేపులతో వచ్చారు. మాలోంచి ఆ డ్రిల్లరూ, ఇంకో నలుగురైదుగురూ అలాగే వచ్చి పక్కన నిలబడ్డారు. మేనేజరు మొహంలో ఎప్పుడూ ఒక నవ్వు అతికించి ఉంటుంది. ఆ నవ్వు చెదరకుండానే, ఇది దుమ్ము నుంచి రక్షణకి కార్మికులు తీసుకుంటున్న జాగ్రత్త అని అతిథులకి వివరించాడు. అతిథులు మెచ్చుకున్నారు.

రిబ్బను కత్తిరించారు. ఇప్పుడు ఈ కొండల్లోని వృద్ధ మాతృమూర్తి పాడిన స్వాగతగీతం వినండి అని ప్రొఫెసర్ మీట నొక్కాడు. స్పీకర్లలోంచి అవ్వ గొంతు వచ్చింది. అవ్వంటే కొండవాళ్లలో అందరికంటే పెద్దావిడ, ఆయాతోపాటు షెడ్డులో పిల్లల్ని చూసేది. ఆమె అసలు పాడనేలేదు. కొండమాటకి సాగతీసే యాస ఉంటుంది, ప్రొఫెసరుకి అది పాటలా వినిపించింది. అవ్వ అంటున్నదేమంటే, నాకు తర్వాత తెలిసింది: ఆ చెప్పుల కాళ్లు నా చాప మీంచి తియ్యరా దున్నపోతా, పొద్దున్నుంచి ఆ డబ్బా నా మొహం మీద పెట్టావు, నీకు పనీ పాటా లేదా, నీ తల్లి నీకు గడప అవతల చెప్పులు విడవడం నేర్పలేదా.

అధికారి కళ్లు మూసుకుని తల పంకిస్తూ విన్నాడు.

తాడు వెనక మొదట భుజాలు కదిలాయి. తర్వాత ముక్కుల్లోంచి గుర్రుమని శబ్దాలు. తర్వాత ఒక టేపు ఊడింది, దాని వెనక ఇంకోటి. నవ్వు పట్టలేక కళ్లనీళ్లు తుడుచుకుంటూ ఒకరి మీద ఒకరు వాలిపోయారు. మేనేజరు అధికారి చెవిలో, పాపం కదిలిపోయారండీ, ఏడుస్తున్నారు అన్నాడు. అధికారి కూడా రుమాలు తీశాడు.

అక్కడే డంపరు నడిపే ఒక కొండ కుర్రాడు ఉన్నాడు. జుట్టు దువ్వడం, నల్లకళ్లద్దాలు, అందుకని అందరూ స్టైల్ అనేవాళ్లు. ఇరవై దాటాయి. కొండమాట వాడికి నామోషీ, మురికి మాట అనేవాడు. తల్లి ఆ మాటలో పిలిస్తే దిగువభాషలో జవాబిచ్చేవాడు. అందరూ పగలబడి నవ్వుతుంటే వాడొక్కడే బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. ఏమంటోంది, ఏమంటోందని తల్లి చెయ్యి పట్టుకుని అడిగాడు. తల్లి నవ్వు ఆపుకుని, వాడి కళ్లద్దాలు సరిచేసి, "నీకెందుకులే నాయనా, మురికి మాటలు" అంది.

తిట్టినా అంత తగిలేది కాదేమో. తన వాళ్లంతా కలిసి నవ్వుకునే చోట తను బయట నిలబడ్డాడు, తాడు వెనక వాళ్ల మధ్యే ఉండి కూడా. మర్నాడు టీ వేళకి స్టైల్ పిల్లల షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

ఆ షెడ్డు ఒకప్పుడు మందుగుండు పెట్టెలు దాచిన రేకుల కొట్టు. పిల్లలకి చోటివ్వాలని చట్టం చెబితే అది ఇచ్చారు. యజమాని అక్కడికి ఎప్పుడూ తొంగిచూడలేదు. పిల్లల ఏడుపూ ఉచ్చ వాసనా ఆయనకి పడవు. అదే మంచిదైంది. ఆయా, అవ్వ, ఇంకొందరు ముసలమ్మలు అక్కడ పిల్లలతో కొండమాట తప్ప వేరేది మాట్లాడేవాళ్లు కారు. లోపలికి అడుగుపెట్టేవాళ్లు చెప్పులతోపాటు దిగువభాష కూడా బయటే విడిచి రావాలి. తల్లిదండ్రులే సగం మర్చిపోయిన మాట పాలపళ్ల నోళ్లలో తిరుగుతుండేది. కొన ఊపిరి అని ప్రొఫెసర్ రాసిన భాష అక్కడ చెంబులు విసురుకుంటూ, జుట్లు పీక్కుంటూ, అలిగి మూల కూర్చుంటూ ఉంది. ఆయన ఆ గుమ్మం దాకా రాలేదు.

స్టైల్ మూడేళ్ల పిల్లల మధ్య మోకాళ్లు ముడుచుకుని కూర్చుని మాటలు నేర్చుకున్నాడు. వాడు తప్పు పలికితే పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు. సిగ్గుపడి రెండుసార్లు లేచిపోయాడు, మళ్లీ వచ్చాడు. వాణ్ని చూసి వాడి తోటివాళ్లు వచ్చారు. ఫ్యాను బాగుచేయడానికి వెళ్లిన నాకు కూడా పిల్లలు స్పానరుకి వాళ్ల మాట చెప్పి, నేను సరిగా పలికేదాకా స్పానరు ఇవ్వలేదు. ఆ మాటలు షెడ్డులోంచి క్వారీలోకి పాకాయి. ఈ మెట్టు నుంచి ఆ మెట్టుకి కొండమాటలో కేకలు. దిగువ డ్రిల్లర్లు కూడా 'తెయ్‌లా' అని అరవడం మొదలుపెట్టారు, అది పొట్టిగా ఉంది, పని చేస్తుంది కాబట్టి. సూపర్‌వైజరు టేపు పట్టుకుని వచ్చేవాడు, అన్ని నోళ్లు చూసి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మళ్లీ గొడుగు కిందికి పోయేవాడు.

చచ్చిపోవాల్సిన భాష ఇలా బరితెగించి తిరిగితే పక్క కొండ సంగతేం కాను? ఒక పొద్దున వచ్చేసరికి షెడ్డుకి తాళం. పిల్లలకి నాణ్యమైన సంరక్షణ అందించడానికి మరమ్మతులు అని కాగితం. ఆయాని పనిలోంచి తీసేశారు. ప్రొఫెసర్ కూడా ఒక ప్రకటన ఇచ్చాడు. శిక్షణ లేనివాళ్లు ఇష్టమొచ్చినట్టు మాట్లాడడం వల్ల ఈ ప్రాచీన భాష స్వచ్ఛత దెబ్బతింటోందట. భాషని కాపాడాలంటే ముందు దాన్ని మాట్లాడేవాళ్ల నుంచి కాపాడాలన్నమాట. ఇంత చదువు చదివినవాడికే ఇలాంటి ఆలోచన వస్తుంది, మామూలు వెధవకి రాదు.

తల్లులు చంకల్లో పిల్లలతో తాళం ముందు నిలబడ్డారు. మేనేజరు నవ్వుతూ వచ్చి, కొన్నాళ్లు ఇళ్ల దగ్గర వదిలి రండమ్మా అన్నాడు. ఇళ్ల దగ్గర ఎవరున్నారని ఒకామె అడిగింది. అది మీ సొంత విషయం కదా అన్నాడు. పక్కనే సూపర్‌వైజరు, సైరన్ అయింది, పనిలోకి దిగనివాళ్లు రేపటి నుంచి రానక్కరలేదన్నాడు. ఎండ ఎక్కుతోంది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు ఏడుపందుకున్నారు. కొందరు తల్లులు రేకు నీడలో పిల్లల్ని దించి, తట్టలు తీసుకోబోయారు కూడా.

అవ్వ అప్పటిదాకా చెయ్యి అడ్డం పెట్టుకుని గేటు వైపు చూస్తోంది. ఎండలో అద్దాల భవనం తళతళలాడుతోంది. అందరికీ అర్థమయ్యేలా దిగువభాషలోనే అంది.

"ఆ ఇల్లు మన మాట కోసమే కట్టారంట కదా. ఖాళీగా ఎందుకుండాలి, పదండి."

ఎవరూ నినాదం ఇవ్వలేదు. నడిచారు. పెద్దక్క ముందు, ఆయా వెనక, తల్లులు, ముసలమ్మలు, చివర ఉయ్యాల గుడ్డలు భుజాన వేసుకుని స్టైల్. భవనం వాచ్‌మన్ దిగువవాడు, మా ఊరివాడే. తలుపుకి అడ్డంగా నిలబడి, లోపలికి వెళ్లాలంటే అనుమతి కావాలని మొదలుపెట్టాడు. ఎవరి అనుమతి అని ఆయా అడిగింది. వాడు భవనం పేరున్న ఫలకం వైపు చూశాడు, వాళ్ల వైపు చూశాడు, పక్కకి జరిగాడు. చెప్పులు మాత్రం బయట విడవాలమ్మా అన్నాడు. అందుకు అవ్వ వాడి తల నిమిరింది.

సాయంత్రానికి భవనం గుర్తుపట్టలేం. స్తంభాలకి ఉయ్యాలలు కట్టారు. తట్ట నెత్తిన పెట్టుకున్న కొండ స్త్రీ మైనపు బొమ్మ ఒకటి గాజు పెట్టెలో ఉండేది. పెట్టె తెరిచి ఆ తట్టలో పిల్లల పాలసీసాలు పెట్టారు, చాచిన చేతి మీద తడి గుడ్డలు ఆరేశారు. పాపం ఆ బొమ్మకి ఇన్నాళ్లకి ఒక పని దొరికింది. స్పీకర్లలో అవ్వ గొంతు చాప మీంచి కాళ్లు తియ్యమని తిడుతూనే ఉంది. అవ్వ వైరు పట్టి లాగేసి, చాల్లే, నేనొచ్చాగా అంది.

అలా వారం పైనే గడిచింది. పక్క లోయలో ఇంకో క్రషర్ ఉంది. అక్కడివాళ్లది మరో చిన్న మాట, అక్కడా దానికి నిషేధమే. వాళ్లు వచ్చి చూసి, చెప్పులు విడిచి కూర్చుని, మనమూ ఇలా చెయ్యాలి అనుకుంటూ వెళ్లారు. యజమాని కబురు పంపాడు. షెడ్డు తెరుస్తాం, భవనం ఖాళీ చేయండి, ఆయా మాత్రం వెళ్లిపోవాలి. పెద్దక్క ఆ కబురు తెచ్చినవాడి ముందు ఒక టేపు చుట్ట పెట్టింది. మీ అయ్యగారికి ఇవ్వు, ఆయనకే పనికొస్తుంది అని చెప్పింది.

తర్వాత రోజే పోలీసులొచ్చారు. అంతరించిపోతున్న భాషా సంపదకి హాని కలిగిస్తున్నారని కేసు. ఫిర్యాదు చేసింది యజమాని, సాక్షి ప్రొఫెసర్.

పొద్దుటి పూట. పిల్లలు చుట్టూ కూర్చుంటే ఆయా పీట మీద కూర్చుని ఎలుగుబంటి కథ చెబుతోంది. ఎలుగుబంటికి అవతలి ఒడ్డున తేనెపట్టు కనబడింది. వాగు నిండా నీళ్లు. రాయి మీంచి రాయి మీదికి అడుగులు వేస్తూ బయల్దేరింది. ఇన్‌స్పెక్టరు గుమ్మంలో నిలబడి చేతిలోని కాగితంలో 'ఆయా' అని చదివి, బయటికి రమ్మన్నాడు. ఆయా ఎలుగుబంటిని రెండో రాయి ఎక్కించి, ఒళ్లోని పిల్లాణ్ని అక్కకిచ్చి లేచింది. ఆడ కానిస్టేబుళ్లు చెరో చెయ్యి పట్టుకున్నారు.

ఆమె గుమ్మం దాటకముందే పెద్దక్క పీట మీద కూర్చుంది. ఎలుగుబంటి మూడో రాయి మీద కాలు పెట్టింది, రాయి కదిలింది, ఎలుగుబంటి తోక తడిసింది. ఇన్‌స్పెక్టరు ఆమెని కూడా పట్టుకోమన్నాడు. పట్టుకున్నారు. అవ్వ కూర్చుంది. అవ్వ ఎలుగుబంటికి నడుము నొప్పి. ప్రతి రాయి మీదా ఆగి వాగుని తిడుతోంది. పిల్లలు నవ్వుతున్నారు. ముసలమ్మని లాగడానికి కానిస్టేబుల్ తటపటాయించాడు. మేనేజరు వెనక నుంచి కానివ్వండి అన్నాడు. అవ్వ తిడుతూనే వెళ్లింది, వాగుని కాదనుకుంటాను.

లోపల జరిగింది నేను తర్వాత విన్నాను; అవ్వని పోలీసు వ్యాన్ దగ్గరికి లాక్కెళ్లడం మెట్టు మీంచి చూసి కంప్రెషర్ ఆపేశాను. ఎవరూ చెప్పలేదు. కంప్రెషర్ ఆగితే డ్రిల్లులన్నీ ఆగిపోతాయి, క్వారీ మొత్తం చెవుల్లో దూది పెట్టినట్టవుతుంది. ఆ నిశ్శబ్దంలో దిగువ డ్రిల్లర్లందరం మెట్లు దిగి భవనానికొచ్చాం. గుమ్మం బయట చెప్పులు కుప్పపడ్డాయి.

మేం లోపలికి అడుగుపెట్టేసరికి పీట మీద స్టైల్ ఉన్నాడు. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు, చెమటలు పడుతున్నాయి. వాడికి వచ్చిన మాటలు గుప్పెడు. ఎలుగుబంటి తర్వాతి రాయి మీదికి దూకింది అనబోయి, రాయికి బదులు గుమ్మడికాయ అన్నాడు. పిల్లలు గోల చేశారు. ఒక పిల్ల లేచి వాడి పెదాలు వేళ్లతో పట్టుకుని సరైన మాట పలికించింది. వాడు మళ్లీ చెప్పాడు. ఈసారి కుదిరింది. ఎలుగుబంటి దూకింది.

ఇన్‌స్పెక్టరు వీణ్నీ ఎక్కించమన్నాడు. వ్యాన్ దగ్గర్నుంచి కానిస్టేబుల్ వచ్చి, చోటు లేదు సార్ అన్నాడు. తల్లులు తమంతట తామే ఎక్కి కూర్చున్నారట, దిగమంటే దిగడం లేదట. స్టైల్ వెనక ఇంకో డంపరు డ్రైవరు నిలబడ్డాడు, వాడి వెనక హెల్మెట్లు అడుగుదామన్న ఆ డ్రిల్లరు, వాడి వెనక నేను. మా వరస గుమ్మం దాటి చెప్పుల కుప్ప దాకా ఉంది.

ఎలుగుబంటి నడివాగులో నిలబడి ఉంది. పిల్లలందరూ ఒక్క గొంతుతో ఏదో అడగడం మొదలుపెట్టారు. అడుగుతున్నకొద్దీ గొంతు పెరిగింది. అద్దాలు అదిరాయి. ఇన్‌స్పెక్టరు మేనేజరు వైపు చూశాడు. మేనేజరు ప్రొఫెసర్ వైపు చూశాడు. ప్రొఫెసర్ నేల చూపులు చూశాడు.

"ఏంట్రా ఆ అరుపులు? ఏమంటున్నారు?" అని ఇన్‌స్పెక్టరు స్టైల్‌ని అడిగాడు.

స్టైల్ పీట మీంచి లేవలేదు.

"తర్వాతేమైందని అడుగుతున్నారు సార్."